జెండా లేచేలోపు

పోయిన వారం కోడల్ని స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు వదిలేసి వచ్చాం. ఆదివారం కార్ల పందెంలో తన డ్రోన్‌తో తీసిన వీడియోను ఆమె అప్పటికి పదకొండోసారి చూస్తోంది. వారమంతా ఎవరి పని వాళ్లు చేసుకుని, ఆదివారం వస్తే పాత కార్లకు లోపల ఇనప గొట్టాలు బిగించుకుని మట్టిలో పందేలు వేసుకునేవాళ్ల క్లబ్బు అది. గెలిచినవాళ్లకు ఒక కప్పు, ఓడినవాళ్లకు వారం పాటు ఒళ్లునొప్పులు, అంతకుమించి ఏమీ ఉండదు. కానీ ఆ ఆదివారం నాలుగో మలుపు దాటాక, మట్టిదిబ్బ అవతలి వాలులో స్కూలు బస్సు డ్రైవరు కారు ఆగిపోయింది. వెనకాలే దిబ్బ ఎక్కి దిగిన బేకరీ అమ్మాయి బన్ను కారు వెళ్లి దాన్ని గుద్దింది. బస్సు డ్రైవరుకు తుంటి ఎముక విరిగింది. దిబ్బ మీద కాపలా ఉన్న పెద్దాయన, ముందు ప్రమాదముందని తెలిపే పసుపు జెండా ఊపుతున్నా లెక్కచేయకుండా దూసుకుపోయిందని అమ్మాయి మీద నింద పడింది. ఊపానని పెద్దాయన అన్నాడు. తనకు జెండానే కనపడలేదని అమ్మాయి అంది. ఆ పెద్దాయన ఎవరో కాదు, కోడలికి మామగారు. వీడియోలో చూస్తే, కారు ఆగాక తొమ్మిది సెకన్ల దాకా జెండా లేవలేదు.

ఆ తొమ్మిది సెకన్లనూ మోసుకుంటూ గురువారం పొద్దున్న ఆమె మంచం దిగింది.

అద్దంలో చూసుకుంటే కళ్ల కింద నల్లగా ఉంది. పాస్‌పోర్టు ఫొటోలకు స్టూడియోకి వచ్చేవాళ్ల కళ్ల కింది నలుపును ఆమె రోజుకు పదిసార్లు చెరిపేస్తుంది. తన ముఖానికి ఆ సౌకర్యం లేదు. నలభై నాలుగేళ్ల ముఖం అది. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఫోనులో క్లబ్బు సెక్రటరీ పంపిన మెసేజీ ఉంది. "పదకొండింటికి కమిటీ. మీరు, పెద్దాయన తప్పకుండా రావాలి."

భర్త అప్పటికే ఎక్కడికో వెళ్లిపోయాడు. వాళ్లది ఇద్దరి పని. డ్రోన్ ఎగరేసేవాళ్లు చేతిలోని తెర మీదే కళ్లు పెట్టుకుంటారు కాబట్టి, పక్కన ఇంకొకరు నిలబడి ఆకాశంలో ఉన్న అసలు డ్రోన్‌ని చూస్తూ ఉండాలి. తీగలొస్తున్నాయా, పక్షులొస్తున్నాయా, గాలి తిరిగిందా అని చెబుతుండాలి. ఆయన పని అది. రెండేళ్లుగా పైకి చూసి చూసి ఆయనకు మెడనొప్పి పట్టుకుంది. ఆదివారం కింద ఏం జరిగిందో ఆయన చూడలేదు. వీడియోను మంగళవారం ఆమే ఆయనకు చూపించింది. ఆయన ఒక్క మాటా మాట్లాడకుండా చూసి, మెడ రుద్దుకుంటూ లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా ఆ ఊసే రాలేదు. అన్నం పెట్టనా అంటే పెట్టు, కరెంటు పోయిందా అంటే పోయింది, అంతవరకే మాటలు.

ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుని వెనక వరండాలోకి వెళ్లింది.

మామగారు తన బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. ఆయన ముప్పై ఆరేళ్లు లేత్ మిషను మీద పనిచేసిన మనిషి. ఇప్పుడు ఆ చేతులు కోడలి డ్రోన్ రెక్కలు సరిచేస్తాయి. రెండు మేకుల మధ్య సన్నని ఉక్కు పుల్ల, దాని మీద రెక్క. ఏ వైపు కిందికి వాలుతుందో ఆ వైపు బరువెక్కువ. అక్కడ గరుకు కాగితంతో రెండు రుద్దులు రుద్ది, మళ్లీ పుల్ల మీద పెడతాడు. అటూ ఇటూ వాలకుండా నిలిచేదాకా అదే పని. ఆయన సరిచేసిన రెక్కలతో తీసిన వీడియో కొంచెం కూడా వణకదు. పక్కింటి గోడ అడ్డం వచ్చి ఆ వరండాలో పగలు కూడా చీకటిగానే ఉంటుంది. అయినా ఆయన బల్బు వేసుకోడు. కరెంటు దండగని వేసుకోవడం లేదనుకుంది ఆమె ఇన్నాళ్లూ.

"టీ తాగారా మామయ్యా?"

"నేను తాగాను. నువ్వే తాగలేదు."

"మీకెలా తెలుసు?"

"పొద్దున్నించి సింకులో పడ్డవి రెండే కప్పులు. ఒకటి నాది, ఒకటి మావాడిది."

ఆమె బోర్లించిన డబ్బా మీద కూర్చుంది. కాసేపు ఆయన వేళ్ల వంకే చూసింది. ఎలా మొదలుపెట్టాలో నాలుగు రోజులుగా ఆలోచిస్తోంది గానీ, ఆలోచించిన మాటల్లో ఒక్కటీ ఇప్పుడు నోటికి రాలేదు.

"మీకొకటి చూపించాలి."

"చూపించు" అన్నాడు. చేతులు మాత్రం ఆగలేదు.

ఆమె రెక్కల్ని పక్కకు జరిపి లాప్‌టాప్ తెరిచి వీడియో పెట్టింది. పైనుంచి చూస్తే గోధుమరంగు నేల, దాని మీద అగ్గిపెట్టెల్లా కార్లు. దిబ్బ మీద పెద్దాయన తెల్ల టోపీ. వాలులో ఆగిన కారు, దాని చుట్టూ ఇంకా అణగని దుమ్ము. మామగారు ముఖం తిప్పాడు. అయితే తెర వైపు కాదు. తెరకు జానెడు పక్కన ఉన్న గోడ వైపు తిప్పి, అక్కడ ఇంకెవరో నిలబడ్డట్టు చూస్తూ కూర్చున్నాడు.

"సౌండు పెంచు" అన్నాడు.

"దీనికి సౌండు ఉండదు మామయ్యా. డ్రోన్ బొమ్మనే తీస్తుంది, మాట తియ్యదు. క్లబ్బువాళ్లకి ఇచ్చే వీడియోలో పాటలు మేం తర్వాత అతికిస్తాం."

"ఓహో."

గరుకు కాగితం ఆగింది. తెర మీద బన్ను కారు దిబ్బ ఎక్కింది, దాటింది, చప్పుడు లేకుండా గుద్దింది. పెద్దాయన గోడ వంకే చూస్తున్నాడు.

"అయితే ఇందులో నాకు చూపించడానికేముందమ్మా" అన్నాడు చివరికి.

ఆమె లాప్‌టాప్ మూసేసింది. ఇంక అడగాల్సింది లేదు. కోపం రావాల్సిన చోటే అది. కానీ కోపం రావడానిక్కూడా ఒంట్లో కాస్త ఓపిక ఉండాలి.

"ఎన్నాళ్లయింది?"

"ఏడాదిన్నర. మధ్యలో పోయింది. పక్కలు కనిపిస్తాయి. నీ వంక చూస్తే చెవులు కనిపిస్తాయి, భుజాలు కనిపిస్తాయి. మొహం ఉండదు, ఎవరో తుడిచేసినట్టు." ఆయన ఉక్కు పుల్లను గుడ్డతో తుడిచి, తడుముకోకుండా దాని చోట పెట్టాడు. "నీ మొహం చూసి ఏడాదిన్నరయింది అమ్మాయ్. నెరిసిందా జుట్టు?"

"కొంచెం."

"మీ అత్తయ్యకీ ఇదే వయసులో నెరిసింది."

"డాక్టరుకి చూపించుకున్నారా?"

"చూపించుకుంటే ఏమంటాడు? ఇంట్లో కూర్చోమంటాడు. అది నాకు నేనే చెప్పుకోగలను."

అత్తయ్య పోయాక ఆయన ఏడాది పాటు ఆ ఇంట్లోనే కూర్చున్నాడు. అన్నానికి పిలిస్తే వచ్చేవాడు, పిలవకపోతే లేదు. ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపడానికి కోడలే సెక్రటరీ దగ్గరికి వెళ్లి, మా మామయ్యకి ఏదైనా చిన్న పని ఇవ్వండని అడిగింది. సెక్రటరీ ఒక టోపీ, ఈల, రెండు జెండాలు ఇచ్చాడు. నెల తిరక్కుండా ట్రాక్ మీద అందరికీ ఆయన జెండా తాత అయిపోయాడు. డ్రోన్‌కి కందిరీగ అనీ, ఆమెకు కందిరీగమ్మ అనీ అంతకుముందే పేర్లు పెట్టారు. ఆదివారం పొద్దున్నే ఆయన గడ్డం గీసుకుని అందరికంటే ముందు గుమ్మంలో నిలబడేవాడు.

"కనిపించకుండా ఇన్నాళ్లూ ఆ జెండా ఎలా పట్టుకున్నారు మామయ్యా? ఎవరి ప్రాణం మీదికైనా వస్తే?"

"విని పట్టుకున్నాను." ఆయన గొంతులో కొంచెం పౌరుషం వచ్చింది. "ఇరవై రెండు కార్లు. ఏది ఏదో నాకు చెవిలో ఉంది. బన్ను బండి సైలెన్సర్ చిల్లుపడింది, వాగుతూ వస్తుంది. బస్సు డ్రైవరుది మూడో గేరులో దగ్గుతుంది. ఎవడైనా తడబడితే నాకంటే ముందు కనిపెట్టినవాడు లేడు. కిందటి నెల బండి పల్టీ కొట్టినప్పుడు అది నేల మీద పడకముందే జెండా ఎత్తింది ఎవరు? నేనే కదా. సెక్రటరీ మైకులో మెచ్చుకోలేదూ?"

"మెచ్చుకున్నారు."

"ఆగిపోయిన బండికి చప్పుడుండదు. నిజమే. కానీ అది ఆగినప్పుడు, ఆ చోట చప్పుడు తగ్గుతుంది చూడు, అదే నాకు గుర్తు."

"మరి ఆదివారం ఎందుకు పట్టుకోలేకపోయారు?"

ఆయన రెక్క తీసుకుని, దాని అంచు మీద బొటనవేలు పెట్టి మెల్లగా జరుపుకుంటూ పోయాడు. అది అప్పటికే సరిగ్గా ఉందని ఇద్దరికీ తెలుసు.

"చెప్పండి మామయ్యా."

"వదిలెయ్యి."

"వదిలేస్తే ఎలా? పదకొండింటికి అక్కడ అందరూ ఉంటారు. ఎందుకు వినపడలేదని వాళ్లూ అడుగుతారు."

"వాళ్లకి వినికిడి సంగతి తెలీదు కదా, అడగరు."

"నేను అడుగుతున్నాను."

పెద్దాయన రెక్కను బల్ల మీద పెట్టేశాడు. "పైన నువ్వున్నావు కదమ్మా" అన్నాడు.

ఆమెకు వెంటనే అర్థం కాలేదు. అర్థమవగానే లాప్‌టాప్ మళ్లీ తెరిచింది. తెర మూలన, ఎవరూ పట్టించుకోని చోట, డ్రోన్ ఎంత ఎత్తులో ఉందో అంకెల్లో పడుతుంది. క్లబ్బుతో మాట్లాడుకున్నది నలభై మీటర్లు, అదీ ట్రాక్ పక్కకే తప్ప మనుషుల మీదికి రాకూడదు. ఆ మూలన ఉన్న అంకె పన్నెండు. పదకొండుసార్లు చూసింది ఆ వీడియో. జెండానే చూసింది, ఆ అంకె వైపు చూడలేదు.

పోయిన ఆదివారం పందెం మొదలవకముందు సెక్రటరీ వచ్చి, "చెల్లెమ్మా, ఎప్పుడూ పైనుంచే తీస్తావు, చీమల్లా కనిపిస్తున్నాం. దుమ్ము కళ్లలో పడ్డట్టుండే షాటు ఒక్కటివ్వు" అన్నాడు. దిబ్బ మీదైతే దుమ్ము బాగా లేస్తుందని ఆమే చోటు ఎంచుకుంది. దిగింది. మామగారి టోపీకి పైన డ్రోన్ నాలుగు రెక్కలూ హోరెత్తిస్తూ, షాటు కోసం కాచుకుని ఉంది. పక్కనున్న భర్త "కిందికొచ్చేశావు, లేపు" అని రెండుసార్లు అన్నట్టు కూడా ఇప్పుడు గుర్తొచ్చింది. ఒక్క నిమిషమండీ అంది తను.

"కందిరీగ నెత్తి మీద గీ పెడుతోంది" అన్నాడు ఆయన, ఎవరి తప్పూ కాదన్నంత మామూలుగా. "దాని చప్పుడులో అన్నీ కలిసిపోయాయి. అటువైపు జనం కేకలేస్తే అప్పుడు ఎత్తాను జెండా. బన్ను అప్పటికే నన్ను దాటిపోయింది కాబోలు."

"ఆ మాట ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? నా కోడలు కిందికి దిగింది, అందుకే నాకు వినపడలేదనా? నీ వంక వేలెత్తి చూపించనా? జెండా ఊపావా అన్నారు, ఊపానన్నాను. ఎప్పుడు అని ఎవరూ అడగలేదు."

ఆమె తల పట్టుకుంది. ఆయన తన చూపు సంగతి దాచుకోవడానికే అబద్ధమాడాడని నాలుగు రోజులుగా లోలోపల ఉడికిపోయింది. ఆయన కడుపులో దాచుకున్నది ఆమె తప్పుని కూడా.

"మరి బన్ను?" అంది.

"చిన్నపిల్ల. ఒక ఏడాది ఆడనివ్వరు, అంతే కదా. మళ్లీ వస్తుంది."

"ఏడాది సంగతి కాదు మామయ్యా. మనిషిని గుద్దేసి పోయిందన్న పేరు. అది ఏడాదికి పోతుందా? రోజూ బేకరీలో పని కాగానే ఆస్పత్రికి వెళ్తోందట. వార్డు బయట బల్ల మీద బ్రెడ్డు పెట్టి, లోపలికి వెళ్లే ధైర్యం లేక తిరిగొచ్చేస్తోందట. జెండా ఉందేమో, నేనే చూడలేదేమో అని నిన్న ఫోన్లో నన్నడిగింది. 'అక్కా, నేను నిజంగా చూడలేదా?' అని. నేనేం చెప్పానో తెలుసా? 'కమిటీలో తేలుతుందిలే' అన్నాను."

పెద్దాయన రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. అరచేతుల్లో ఇనప రజను ఎప్పటిదో చర్మంలోకి దిగి నల్లటి చుక్కలుగా మిగిలిపోయింది. పక్కింట్లో ఎవరో కుర్చీలు జరుపుతున్నారు. ఆ చప్పుడు అయ్యేదాకా ఆయన కదల్లేదు.

"ఆ జెండా చేతిలో ఉన్న రోజు నన్ను మనిషిని పలకరించినట్టు పలకరిస్తారమ్మా" అన్నాడు. "మిగతా ఆరు రోజులూ, తాతా భోంచేశావా, తాతా పడుకున్నావా. అంతే."

ఆమె లాప్‌టాప్ మూసి చంకన పెట్టుకుంది. ఆరు రోజులూ అలా అడిగేది తనే.

"నా మాట నేను చెప్తాను" అంది. "ఎంత ఎత్తులో ఉన్నానో, ఎందుకు దిగానో. మీ మాట మీరు చెప్పండి. నేను చెప్పమన్నానని కాదు. మీకు చెప్పాలనిపిస్తేనే."

"ఇంక నిన్నెక్కడా ఎగరేయనివ్వరు."

"ఎగరేయనివ్వకపోతే పాస్‌పోర్టు ఫొటోలు తీసుకుంటాను."

ఆయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. లేచి, గోడకు తగిలించిన చొక్కాలు రెండు చేత్తో తడిమి, ఒకటి తీశాడు.

"ఇదేం రంగు?"

"నీలం."

"ఇస్త్రీ ఉందా?"

"ఉంది."

"సరే అయితే" అన్నాడు బొత్తాలు పెట్టుకుంటూ. కింది బొత్తం నుంచి మొదలుపెట్టి పైదాకా ఒక్కటీ తప్పకుండా పెట్టుకున్నాడు.

క్లబ్బు ఆఫీసు టైర్ల షాపు మేడ మీద. షాపు సెక్రటరీదే. ఇంటినుంచి రెండు వీధులే కాబట్టి నడిచే వెళ్లారు. దారిలో ఆమె మోచెయ్యి అందించింది. ఆయన ఒక్క క్షణం మొహమాటపడి పట్టుకున్నాడు. ఏడాదిన్నరగా ఈ వీధుల్లో ఒక్కడే ఎలా నడిచాడో తలుచుకుని ఆమె నడక నెమ్మది చేసింది. వాన గుంట దగ్గర ఆమె చెప్పకముందే ఆయన పక్కకు తప్పుకున్నాడు. "ఇక్కడ అడుగు చప్పుడు మారుతుంది" అన్నాడు.

పైన గదిలో రబ్బరు వాసన, దుమ్ము పట్టిన కప్పులు, ప్లాస్టిక్ కుర్చీలు. సెక్రటరీ, మరో ఇద్దరు కమిటీ సభ్యులు బల్లకు అటువైపు కూర్చున్నారు. బన్ను కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ల పిల్ల. తెల్లవారుజామునే లేచి పిండి కలిపే చేతులు, గోళ్ల కింద ఇంకా తెల్లగా ఉంది. బేకరీలో పనిచేస్తుందని ట్రాక్ మీద పెట్టిన పేరది. ఎప్పుడూ "కందిరీగమ్మక్కా" అని దూరంనుంచే కేకేసే పిల్ల, ఇవాళ తలూపి ఊరుకుంది. కుర్చీ ఖాళీగానే ఉన్నా కూర్చోలేదు.

సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. నాలుగు రోజులుగా అందరి ఫోన్లూ ఎత్తి ఎత్తి అలిసిపోయి, ఎలాగోలా ఇది ఇవాళ్టితో తెమిలిపోతే చాలనుకుంటున్నాడు.

"బాబాయ్, మీరు ఎక్కువసేపు కూర్చోనక్కర్లేదు. ఒక్క మాట అడిగి పంపించేస్తాం."

"నేనే చెప్తాను" అన్నాడు పెద్దాయన. కుర్చీ తడుముకుని దాని వీపు పట్టుకుని నిలబడ్డాడు. "ఆ అమ్మాయి నన్ను దాటినప్పుడు జెండా నా చంకలో ఉంది. చుట్టే ఉంది, విప్పలేదు. తర్వాత ఊపాను. జనం అరిచాక ఊపాను. నాకు చూపు సరిగ్గా లేదు. ఏడాదిన్నరగా లేదు. మీకు చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. తప్పు నాది."

 కింద షాపులో ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. బన్ను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ ఏడవలేదు. నాలుగు రోజుల బరువు దిగుతుంటే మనిషి ఎలా ఉంటుందో అలా, గోడకు ఆనుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"తాతా" అంది. 

కోడలు తన మాట చెప్పడానికి ముందుకు జరిగింది. సెక్రటరీ చెయ్యెత్తి ఆపాడు.

"బాబాయ్, మీ మనసు నాకు తెలుసు" అన్నాడు మెత్తగా. "ఆడపిల్ల, దానికి చెడ్డ పేరొస్తుందని మీ మీద వేసుకుంటున్నారు. కానీ మీరలా అన్నంత మాత్రాన అయిపోదు. వీడియో ఉంది కదా. మేం ముగ్గురం చూశాం."

"ఏ వీడియో?" అంది కోడలు.

"అదేంటి చెల్లెమ్మా, మీరు పంపిందే."

ఆయన తన కంప్యూటర్ ఇటు తిప్పి నొక్కాడు. గోధుమరంగు నేల, తెల్ల టోపీ, దుమ్ము. ఆమె తీసిందే. కానీ మొదటి బొమ్మలోనే జెండా గాల్లో ఉంది, ఊగుతోంది. బన్ను కారు అప్పుడే దిబ్బ తల మీద ఉంది. చూసేవాళ్లకు ఎలా చూసినా ఒకటే తోస్తుంది, జెండా ఊగుతుండగానే ఆ కారు లెక్కచేయకుండా దిగిపోయిందని. కారు పెద్దాయన్ని ఎప్పుడు దాటిందో ఆ ముక్కలో లేదు. మొదటి తొమ్మిది సెకన్లూ లేవు.

"ఇది ఎప్పుడొచ్చింది?"

"నిన్న సాయంత్రం. మీ స్టూడియో మెయిల్ నుంచి."

ఆ మెయిల్ తెరిచేవాళ్లు ఇద్దరే. ఒకరు తను.

బన్ను మళ్లీ లేచి నిలబడింది. "అక్కా, ఇది నువ్వే తీశావు కదా. తాత చెప్పింది నిజమా, ఇది నిజమా?" గొంతు పెద్దగా లేదు. అరిచినా బాగుండేదనిపించింది కోడలికి.

"మొత్తం వీడియో నా దగ్గరుంది" అంది. "చూపిస్తాను. ఒక్క నిమిషం, ఒక ఫోను చేసుకుని వస్తాను."

మెట్ల మీద, పేర్చిన పాత టైర్ల పక్కన నిలబడి భర్తకు ఫోను చేసింది. కాచుకుని కూర్చున్నట్టు మొదటి రింగుకే ఎత్తాడు.

"ఏమండీ, ఏం పని చేశారు మీరు?"

"కమిటీలో ఉన్నావా?"

"మామయ్య అందరి ముందూ ఒప్పుకున్నారు. అయినా మీరు పంపిన ముక్క చూసి ఎవరూ నమ్మట్లేదు. ఆ పిల్ల మొహం నేను చూడలేకపోతున్నాను. ఆయన పరువు కోసం ఇంకొకరి మీద..."

"నాన్న కోసం కాదు" అన్నాడు ఆయన. గొంతు పీలగా ఉంది. అవతల ఏదో బండి చక్రాలు నున్నటి గచ్చు మీద దొర్లుతున్నాయి. ఎవరో ఒకరి పేరు పిలుస్తున్నారు. "నీ కోసమూ కాదు. నేను ఆస్పత్రిలో ఉన్నాను. నిన్న మధ్యాహ్నం కూడా ఇక్కడికే వచ్చాను. నాన్న తరఫున క్షమించమని అడుగుదామని వచ్చి, మొత్తం వీడియో ఆయనకి చూపించాను."

"ఎవరికి, బస్సు డ్రైవరుకా? ఏమన్నారాయన?"

అవతల ఆయన ఎవరితోనో మెల్లగా రెండు మాటలన్నాడు.

"నువ్వే విను" అన్నాడు భర్త. ఫోను చేతులు మారింది.

ఆమె వెనక తలుపు కిర్రుమంది. తిరిగి చూస్తే బన్ను. లోపల ఉండలేక వచ్చేసింది. కోడలు ఆమెను లోపలికి పొమ్మనలేదు. ఇప్పటికే ఆ పిల్లకు తెలియకుండా జరిగినవి చాలనిపించి, ఫోను స్పీకర్లో పెట్టింది.

"అమ్మా" అంది ఒక బరువైన గొంతు. మందుల మత్తులో మాట మెల్లగా వస్తోంది. "మీ ఆయన్ని ఏమీ అనకు. ఆ మొదటి ముక్క తీసెయ్యమని కాళ్లావేళ్లా పడి అడిగింది నేనే."

"మీరా? ఎందుకన్నయ్యా? మిమ్మల్ని గుద్దలేదని ఎవరంటున్నారు? జెండా లేటయిందనే కదా అందులో ఉన్నది."

"జెండా సంగతి నాకెందుకమ్మా. అందులో నా కారు వెనక, బ్రేకు నొక్కితే వెలిగే ఎర్ర లైట్లు చూశావా? మీ ఆయన చూశాడు. నాతో ఏమీ అనలేదు గానీ చూశాడు."

బన్ను టైర్ల మీద చెయ్యి ఆన్చి నిలబడింది. కింద గాలి కొట్టే మిషను ఆగిపోయింది.

"నా కారు ఆగిపోలేదమ్మా" అన్నాడు బస్సు డ్రైవరు. "ఆ పిల్ల వెనకాలే వస్తోందని తెలిసే, నేనే ఆపాను."